వాడిన మాన్యువల్ స్పోర్ట్స్ కారు కొనేముందు క్లచ్ ఎంత అరిగిందో ఎలా తేల్చుకోవాలి?

‘మూడో పెడల్’ అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

నమస్కారం. 2007 నాటి పోర్షే కేమన్ ఎస్ ఒకటి కొనే ఆలోచనలో ఉన్నాను. ఆరు గేర్ల మాన్యువల్ బండి, మీటరు మీద 92,000 కిలోమీటర్లు ఉన్నాయి. బాడీ, సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు ఒకటికి రెండుసార్లు చూసుకుని తృప్తిపడ్డాను. తేలకుండా మిగిలింది క్లచ్ ఒక్కటే. తన చేతికి వచ్చాక క్లచ్ మార్చలేదని, అంతకుముందు సంగతి తనకు తెలియదని ఇప్పటి యజమాని దాపరికం లేకుండా చెప్పారు.

మొదటిసారి నడిపినప్పుడు కొన్ని విషయాలు గమనించాను. పెడల్‌ను దాదాపు పైదాకా వదిలితే తప్ప క్లచ్ పట్టడం లేదు. నొక్కడానికి కూడా నేను రోజూ నడిపే కారు కంటే ఎక్కువ బలం కావలసి వస్తోంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రివర్సులో కదిలిస్తే బండి ఒకసారి వణికింది గానీ, కొంత దూరం వెళ్లాక ఆ వణుకు మళ్లీ కనబడలేదు. క్లచ్ జారుతున్నట్టు ఎక్కడా అనిపించలేదు. అయితే నేను నెమ్మదిగానే నడిపాను కాబట్టి దానికి ఎంత విలువ ఇవ్వాలో తెలియడం లేదు.

నాకు తేలవలసినవి మూడు. పైన పట్టే క్లచ్ అంటే అరిగిపోయిన క్లచ్ అనే అర్థం చేసుకోవాలా? హాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలని, ఆగిపోతే క్లచ్ బాగున్నట్టేనని చాలామంది చెబుతున్నారు. ఆ ఒక్క పరీక్ష సరిపోతుందా? స్కానర్ పెట్టి చూస్తే ఇంకా ఎంత శాతం మిగిలిందో తెలుస్తుందా? ఈ బండిలో క్లచ్ మార్చడమంటే గేర్‌బాక్స్ దించాలి కాబట్టి, బేరం కుదుర్చుకునే ముందే ఇది తేల్చుకోవాలని ఉంది.

—

‘పాత ఇంజన్లు’ అనే పేరుతో ఒకరు ఇచ్చిన జవాబు:

ముందుగా పెడల్ సంగతి చూద్దాం. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీలు. దానికీ, స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. క్లచ్ ప్లేటు పలచబడే కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపు జరుగుతుంది. దానితో ఆ స్ప్రింగు, అంటే డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్ల కొసలు గేర్‌బాక్స్ వైపు లేచి, పెడల్ నొక్కినప్పుడు వాటిని నెట్టే రిలీజ్ బేరింగ్‌ను వెనక్కి నెడతాయి. కేబుల్‌తో పనిచేసే పాత బండ్లలో ఈ జరుగుడు నేరుగా పెడల్ దాకా వస్తుంది కాబట్టి, కేబుల్ సర్దకపోతే క్లచ్ పట్టే చోటు పైకి పోతూ ఉంటుంది. మీరు చూస్తున్న కారులాంటి హైడ్రాలిక్ అమరికలో మాత్రం, పెడల్ నుంచి వచ్చే ద్రవ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ పిస్టన్ తనంతట తానే వెనక్కి సర్దుకుని ఆ తేడాను చాలావరకు మింగేస్తుంది. అందువల్ల పైన పట్టడం అనుమానానికి ఆధారమే తప్ప అరుగుదలకు రుజువు కాదు. ఇదే మోడల్ బండి ఇంకొకటి, వీలైతే కొత్త క్లచ్ వేసినది, నడిపి పోల్చి చూస్తే మీ అనుమానానికి ఒక కొలత దొరుకుతుంది. రోజూ నడిపే చిన్న కారుతో పోల్చితే ఏమీ తేలదు.

పెడల్ బరువెక్కడాన్ని నేను ఇంతకంటే గట్టి సూచనగా తీసుకుంటాను. ప్లేటు అరిగినకొద్దీ డయాఫ్రమ్ స్ప్రింగ్ కోణం మారి, దాన్ని నొక్కడానికి కావలసిన బలం పెరుగుతుంది. అరుగుదలను తనే సర్దుకునే రకం ప్రెషర్ ప్లేట్లలో ఈ మార్పు దాదాపు తెలియదు. తక్కిన వాటిలో, పెడల్ దగ్గరున్న సహాయక స్ప్రింగు సరిగా ఉండి కూడా కాలికి బరువు తగులుతోందంటే, ఆ క్లచ్ చాలాకాలం పనిచేసిందని అనుకోవచ్చు.

హాండ్ బ్రేకు పరీక్షను అతిగా నమ్మవద్దని నా మనవి. అందులో క్లచ్ మీద పడేది ఇంజన్ ఐడిల్‌లో ఇచ్చే కొద్దిపాటి టార్క్ (తిప్పే బలం) మాత్రమే. ఆ మాత్రం టార్క్‌కే జారిపోతే క్లచ్ పూర్తిగా పోయినట్టే, ఇక వేరే పరీక్ష అక్కరలేదు. కానీ ఇంజన్ ఠక్కున ఆగిపోయినంత మాత్రాన క్లచ్ బాగున్నట్టు కాదు. సగం బలం పోయిన క్లచ్ కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. పైగా కొందరు యాక్సిలరేటర్ ఇస్తూ నెమ్మదిగా వదులుతారు. అలా చేస్తే పరీక్ష పేరుతో ప్లేటును కాల్చినట్టవుతుంది, అమ్మే మనిషి బండికి అంత హాని చేయడం న్యాయం కాదు.

నిజమైన పరీక్ష రోడ్డు మీదే జరగాలి. అది కూడా ఆ ఇంజన్ తన గరిష్ఠ టార్క్ ఇచ్చే చోట, క్లచ్ వేడెక్కాక జరగాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా, అరిగిన క్లచ్ బాగున్నట్టే నటిస్తుంది. కేమన్ ఎస్‌లోని 3.4 లీటర్ల ఇంజన్ 340 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను 4,400 నుంచి 6,000 ఆర్‌పీఎం మధ్య ఇస్తుంది. మీరు 2,500 దగ్గర ఎంత జాగ్రత్తగా గమనించినా ఆ క్లచ్ తన పూర్తి భారాన్ని ఇంకా మోయలేదన్నమాట. టర్బో బండ్లలో టార్క్ కిందే వచ్చేస్తుంది కాబట్టి, వాటిలో జారుడు 2,500 దగ్గరే బయటపడవచ్చు. ఒక బండికి చెప్పిన పరీక్ష ఇంకో బండికి సరిపోకపోవడానికి కారణం ఇదే.

గేరు ఎంత పెద్దదైతే అంత మంచిది. చిన్న గేర్లలో ఇంజన్ వేగంగా పుంజుకుంటుంది కాబట్టి, దాని టార్క్‌లో కొంత భాగం ఫ్లైవీలును, క్రాంక్‌ను తిప్పడానికే ఖర్చయి, క్లచ్‌కు చేరేది తగ్గుతుంది. పెద్ద గేరులో వేగం నిదానంగా పెరిగి, భారం ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఈ కారు నాలుగో గేరులో 4,400 దగ్గరికి వచ్చేసరికి చాలా రోడ్ల వేగపరిమితి దాటిపోతుంది. అందువల్ల ఎత్తుకు ఎక్కే రోడ్డు, పొడిగా, తిన్నగా, ఖాళీగా ఉన్నది చూసుకుని మూడో గేరులో చేయడం మేలు. ఇరవై నిమిషాలైనా నడిపి, కూలెంట్‌తో పాటు ఆయిల్ కూడా వేడెక్కాక, యజమాని అనుమతి తీసుకుని, 2,500 నుంచి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు వేగంతో కలిసి పెరగాలి. ముల్లు ముందుకు ఉరికి, బండి వెనకబడితే క్లచ్ జారుతోందని అర్థం. ఒక గేరు నుంచి పై గేరుకు చురుగ్గా మార్చి వెంటనే పూర్తిగా తొక్కినప్పుడు, కిందికి దిగవలసిన ముల్లు పైనే ఒక క్షణం వేలాడినా అదే అర్థం.

—

‘గేర్‌బాక్స్ బల్ల’ అనే పేరుతో ఇంకొకరు ఇచ్చిన జవాబు:

స్కానర్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామందికి అపోహ ఉంది. ఫెరారీ 360, ఎఫ్430 వంటి కార్లలో ఎఫ్1 గేర్‌బాక్స్ ఉన్న బండ్లకు క్లచ్‌ను కంప్యూటరే నడుపుతుంది. క్లచ్ ఎక్కడ పడుతోందో దానికి తెలుసు కాబట్టి టెస్టర్ పెడితే అరుగుదల శాతం చూపిస్తుంది. అవే మోడళ్లలో మూడు పెడళ్ల మాన్యువల్ బండికి అలాంటి కొలత లేదు. మీ కేమన్‌లోనూ లేదు. "స్కాన్ చేయించాం, క్లచ్ 60 శాతం ఉంది" అని మూడు పెడళ్ల బండి గురించి ఎవరైనా చెబితే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

అయితే స్కానర్ వేరే విధంగా బాగా ఉపయోగపడుతుంది. ఓబీడీ పోర్టుకు, అంటే స్కానర్ తగిలించే చోట, చిన్న లాగర్ తగిలిస్తే ఆర్‌పీఎం, వేగం రెండూ ఒకేసారి నమోదవుతాయి. అది లేకపోతే పక్కన కూర్చున్నవారు ఫోనులో మీటర్ల వీడియో తీసినా చాలు. క్లచ్ పూర్తిగా పట్టి ఉన్నప్పుడు ఒక గేరులో ఆర్‌పీఎంకూ వేగానికీ ఉన్న నిష్పత్తి మారదు. ఉదాహరణకు మూడో గేరులో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు 3,000 ఆర్‌పీఎం దగ్గర 63 కిలోమీటర్ల వేగం చూపిందనుకుందాం. అదే గేరులో 4,500 దగ్గర 94 లేదా 95 చూపాలి. పూర్తిగా తొక్కినప్పుడు 95 కిలోమీటర్ల దగ్గర ముల్లు 4,900 మీద ఉంటే, ఆ 400 చుట్లు క్లచ్ దగ్గర జారిపోయినట్టు లెక్క. ఇంత తక్కువ జారుడును నడుపుతున్న మనిషి కన్ను పట్టుకోలేదు, లాగులో మాత్రం స్పష్టంగా కనబడుతుంది. పాత ఇంజన్లు గారు పొడి రోడ్డు కావాలని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు తిరిగిపోయినా ముల్లు ఇలాగే ఉరుకుతుంది, దాన్ని క్లచ్ జారుడుగా పొరబడే అవకాశం ఉంది.

స్కానర్ పెట్టినప్పుడే పోర్షే ఇంజన్ కంప్యూటర్‌లో ఓవర్‌రెవ్ రికార్డు కూడా చదివించండి. తప్పు గేరు పడి ఇంజన్ హద్దు దాటి తిరిగిన సందర్భాలు, చివరిసారి అది ఏ ఇంజన్ గంటల దగ్గర జరిగిందన్న వివరంతో సహా అందులో ఉంటాయి. క్లచ్ గురించి నేరుగా ఏమీ చెప్పకపోయినా, ఈ బండిని ఎలాంటి కాళ్లు నడిపాయో అది చెబుతుంది. క్లచ్ ఆయుష్షును నిర్ణయించేది మీటరు మీది అంకె కాదు, కాలు. 40,000 కిలోమీటర్లకే పోయిన క్లచ్‌లూ ఉన్నాయి, లక్షన్నర దాటి నడుస్తున్నవీ ఉన్నాయి.

ఇక మీరు చెప్పిన వణుకు. చల్లటి ఇంజన్‌తో, అందులోనూ బండి తేమలో నిలిచి ఉన్న తరువాత, మొదటిసారి కదిలేటప్పుడు వచ్చి వెంటనే పోయే వణుకుకు ఫ్లైవీలు ముఖం మీద పట్టిన పలుచని తుప్పు కారణం కావచ్చు. దానికి నేను భయపడను. వేడెక్కాక వచ్చే వణుకు, లేదా వేడెక్కేకొద్దీ పెరిగే వణుకు వేరు. ఫ్లైవీలు మీద కాలిన మచ్చలు ఏర్పడటం, ప్లేటుకు ఆయిల్ అంటడం, ఇంజన్ మౌంట్లు చితకడం దానికి మామూలు కారణాలు. అందుకని బండిని తప్పకుండా లిఫ్ట్ మీద ఎక్కించి, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు కింద టార్చి వేసి చూడండి. అక్కడ తడి ఉంటే ఒక తెల్ల కాగితానికి అద్ది వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటైన వాసన ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కు ఉండదు. గేర్ ఆయిల్ అయితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్‌ను అనుమానించాలి, ఇంజన్ ఆయిల్ అయితే క్రాంక్ వెనుక సీల్‌ను. ప్లేటు మందం ఎంత మిగిలినా, దానికి ఆయిల్ పట్టిందంటే మార్చవలసిందే.

చెవికి కూడా కొంత పని పెట్టాలి. ఇంజన్ ఐడిల్‌లో, న్యూట్రల్‌లో ఉండగా పెడల్ నొక్కినప్పుడు మాత్రమే రొద మొదలైతే రిలీజ్ బేరింగ్ అరిగినట్టు. పెడల్ వదిలి ఉన్నప్పుడు రొద ఉండి, నొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ కావచ్చు, డ్యూయల్ మాస్ ఫ్లైవీలు (మధ్యలో స్ప్రింగులతో కలిపిన రెండు ముక్కల ఫ్లైవీలు) కావచ్చు. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు లోపల ఇనుము కొట్టుకున్నట్టు గట్టిగా చప్పుడు వస్తే ఫ్లైవీలు మీదే అనుమానం పెట్టుకోండి. ఎవరైనా తేలికపాటి సింగిల్ మాస్ ఫ్లైవీలు వేయించి ఉంటే మాత్రం న్యూట్రల్‌లో గలగల సహజమే కాబట్టి, ఆ సంగతి యజమానిని ముందే అడగాలి.

పెడల్‌ను పూర్తిగా నొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి, రివర్సులో వేసి చూడండి. అప్పుడు కూడా గేరు గీరుకుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఇది అరుగుదల లక్షణం కాదు. హైడ్రాలిక్‌లో గాలి చేరడం, స్లేవ్ సిలిండర్ కారడం, ప్లేటు వంగడం వంటివి కారణం. మీ కారులో బ్రేకులకు, క్లచ్‌కు ఒకటే ఫ్లూయిడ్ డబ్బా కాబట్టి అందులో మట్టం తగ్గి ఉంటే రెండు వైపులా వెతకాలి. స్లేవ్ సిలిండర్ బయటే ఉండటం ఈ బండికి కలిసివచ్చే విషయం. నిస్సాన్ 370జెడ్‌లో అది గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉంటుంది. అది కారినప్పుడు క్లచ్ బాగున్నా గేర్‌బాక్స్ దించక తప్పదు.

—

మూడో పెడల్ రాసిన సందేశం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. యజమాని అరగంట నడపడానికి, లిఫ్ట్ మీద చూడటానికి ఒప్పుకున్నారు. ఇంకో సంగతి కూడా తెలిసింది. పాత కాగితాలు వెతికితే అంతకుముందు యజమాని కాలం నాటి బిల్లు ఒకటి దొరికిందట. దాని మీద "క్లచ్ సెట్, ఐఎంఎస్ బేరింగ్ మార్పు" అని ఉందని, అప్పటికి బండి 61,000 కిలోమీటర్లు తిరిగిందని చెప్పారు. ఈ బిల్లు ఉన్నాక క్లచ్ గురించి నిశ్చింతగా ఉండవచ్చా?

—

‘కాగితాల వెనుక’ అనే పేరుతో మరొకరు ఇచ్చిన జవాబు:

ఉండకూడదు. నాకైతే ఆ బిల్లు ధైర్యానికి బదులు అనుమానం పెంచింది. 986 బాక్‌స్టర్, 996 రకం 911 వంటి పాత బండ్లలో క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ (బిల్లులో ఐఎంఎస్ అన్నది ఇదే) చేతికి అందుతుంది కాబట్టి, రెండూ ఒకేసారి మార్చడం ఆనవాయితీ. కానీ 2007 కేమన్ ఎస్‌లో ఉన్నది ఎం97 ఇంజన్. అందులోని బేరింగ్ పెద్దది, క్రాంక్‌కేసు విడదీయకుండా బయటకు రాదు. గేర్‌బాక్స్ దించి చేయగలిగింది ఆ బేరింగ్ బయటి సీల్ తీసి ఇంజన్ ఆయిల్ దానికి అందేలా చేయడం వరకే. కాబట్టి క్లచ్‌తో పాటు ఆ బేరింగ్ మార్చినట్టు బిల్లు ఉంటే మూడింట్లో ఒకటి నిజం కావాలి: ఇంజన్ పూర్తిగా విప్పి ఉండాలి, లేదా సీల్ తీయడాన్నే బేరింగ్ మార్పుగా రాసి ఉండాలి, లేదా ఆ బిల్లు ఇంకో బండిది అయి ఉండాలి. రెండోదే జరిగి ఉండే అవకాశం ఎక్కువ, అందులో మోసం ఉండనక్కరలేదు. కానీ ఊహతో సరిపెట్టుకోకుండా, బిల్లు మీది ఛాసిస్ నంబరు ఈ బండిదో కాదో ముందు చూడండి. తరువాత ఆ వర్క్‌షాప్‌కే ఫోన్ చేసి ఏయే భాగాలు వేశారో అడగండి.

అలా అడిగేటప్పుడు "క్లచ్ సెట్" అన్న మాటతో ఆగవద్దు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ వేశారా, భాగాల నంబర్లు ఏమిటి, క్రాంక్ వెనుక సీల్ మార్చారా, డ్యూయల్ మాస్ ఫ్లైవీలు ఆడుడును కొలిచారా అన్నవి విడివిడిగా తెలియాలి. ఈ ఫ్లైవీలు ముఖాన్ని లేతు మీద సాపు చేయడానికి చాలామంది తయారీదారులు ఒప్పుకోరు. అందులోని రెండు ముక్కలు ఒకదానితో ఒకటి ఎంత కోణం తిరుగుతున్నాయో గేర్‌బాక్స్ దించినప్పుడే కొలవాలి, హద్దు దాటితే మార్చాలి. కొత్త క్లచ్‌ను అలసిపోయిన ఫ్లైవీలు మీద వేసి ఉంటే, కొద్దికాలంలోనే అదే గేర్‌బాక్స్‌ను మళ్లీ దించవలసి వస్తుంది. భాగాల ఖరీదు కంటే పనిగంటల ఖరీదు బాధించే చోటు ఇది.

ఆ పనిగంటలు మోడల్‌ను బట్టి ఎంతగానో మారతాయి కాబట్టి, స్పోర్ట్స్ కార్లన్నిటికీ ఒకటే లెక్క వేయకూడదు. మీ బండిలో ఎగ్జాస్ట్ భాగాలు, డ్రైవ్ షాఫ్టులు విప్పి గేర్‌బాక్స్‌ను కింది నుంచి దించుతారు, ఇంజన్ తన చోటే ఉంటుంది. ఫెరారీ 348, ఎఫ్355లలో క్లచ్ అన్నిటికంటే వెనక కొసన ఉండటం వల్ల, టైమింగ్ బెల్టుల కోసం ఇంజన్ దించవలసిన ఆ బండ్లలో కూడా క్లచ్ మాత్రం సులువుగా అందుతుంది. పోర్షే 944లో ఇంజన్ ముందు, గేర్‌బాక్స్ వెనుక, రెండింటి మధ్య టార్క్ ట్యూబు ఉంటాయి. క్లచ్ ముందున్నా దాన్ని చేరడానికి వెనక భాగమంతా ఊడదీసుకుంటూ రావాలి. పైగా 944కు మొదట వచ్చిన క్లచ్ ప్లేటు మధ్యలో రబ్బరు ఉండేది. ఆ రబ్బరు వయసుతోనే చితికిపోతుంది కాబట్టి, చాలా తక్కువ తిరిగిన బండిలో ప్లేటు మందం అలాగే ఉండి కూడా క్లచ్ పోవచ్చు. తక్కువ కిలోమీటర్లు అన్న ఒక్క మాటకు ఎక్కువ ధర పెట్టేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇంజన్ ట్యూనింగ్ గురించి కూడా అడగండి. ఈ కేమన్‌లో టర్బో లేదు కాబట్టి ట్యూనింగ్‌తో టార్క్ పెద్దగా పెరగదు. అదే టర్బో బండిలో ఒక్క సాఫ్ట్‌వేర్ మార్పుతో టార్క్ ఎంతో పెరిగి, ఏమాత్రం అరగని కంపెనీ క్లచ్ కూడా జారవచ్చు. దానికి విరుగుడుగా గట్టి స్ప్రింగున్న ప్రెషర్ ప్లేటు, సిరామిక్ క్లచ్ ప్లేటు వేయించి ఉంటే పెడల్ బరువుగా, పట్టు మొరటుగా, కదిలేటప్పుడు వణుకుతూ ఉంటుంది. ఆ లక్షణాలు అక్కడ అరుగుదలవి కావు.

—

పాత ఇంజన్లు మళ్లీ రాసినది:

బిల్లు గురించి చెప్పినది చాలా విలువైన మాట. నేను ఒక్క విషయం మాత్రం చేరుస్తాను. బిల్లు నిజమే అని తేలితే ఈ క్లచ్ 31,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినట్టు. అలాంటప్పుడు పెడల్ బరువుకు ప్లేటు అరుగుదల కాకుండా వేరే కారణం వెతకాలి. పెడల్ దగ్గరి సహాయక స్ప్రింగు, రిలీజ్ లీవర్ ఆనే చోట గ్రీజు ఎండిపోవడం, అప్పుడు పాత ప్రెషర్ ప్లేటునే ఉంచి కొత్త ప్లేటు మాత్రం వేయడం, ఈ మూడింటినీ చూడాలి. బిల్లు ఈ బండిది కాదని తేలితే మాత్రం, లాగులో జారుడు కనబడకపోయినా, 92,000 కిలోమీటర్ల మొదటి క్లచ్‌గానే దాన్ని లెక్కపెట్టండి. ఈ మోడల్‌కు క్లచ్ సెట్, సీల్, ఫ్లైవీలు కలిపి ఎంతవుతుందో ఒక వర్క్‌షాప్ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితంతో బేరానికి కూర్చోండి. రేపే మార్చవలసి వస్తుందని కాదు. ఎప్పుడు మార్చవలసి వచ్చినా ఆ ఖర్చు మీదే అవుతుంది కాబట్టి, దానిలో కొంత వాటా ధరలో తగ్గించమని అడగడం సమంజసమే, నిజాయితీగా మాట్లాడుతున్న ఆ యజమాని కాదనరనే అనుకుంటున్నాను.

నడపడానికి వెళ్లే రోజు, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని ఆయనకు ముందే చెప్పండి. రివర్సులో వణుకు, స్టార్ట్ చేసేటప్పటి ఫ్లైవీలు చప్పుడు చల్లటి ఇంజన్‌తోనే తెలుస్తాయి, జారుడు వేడెక్కాకే తెలుస్తుంది. అరగంటలో రెండూ చూడాలంటే ఆ వరుసలోనే చేయాలి, లిఫ్ట్ మీద చూడటం చివరికి పెట్టుకోవాలి. వేడి మీద ఆయిల్ పలచబడి ఉంటుంది కాబట్టి, సీల్ కారుతుంటే అప్పుడే తాజా తడి కనబడుతుంది.